మిషన్‌కు తొందర లేదు, ముందు బాపు చేతి కుట్టు

ప్రశ్న: మాది పరకాల. మా బాపు చాలా ఏళ్లుగా బస్టాండు దగ్గర చెప్పులు కుడుతున్నారు. నేను డిగ్రీ చదివి హన్మకొండలో ఒక షాపులో లెక్కలు రాస్తున్నాను. చేత్తో చేసిన తోలు బెల్టులు, పర్సులు మంచి ధరకు అమ్ముడుపోతున్నాయని విని, బాపుతో కలిసి అవే చేద్దామనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో తోలు ముక్కలు తెప్పించి ఒక పర్సు కుట్టాను. నెల తిరక్కుండానే మడత దగ్గర పైపొర పొట్టులా లేచిపోయింది. 60,000కు పాత కుట్టు మిషన్ ఉందంటున్నారు. తెలిసినాయన 3 రూపాయల వడ్డీకి అప్పిస్తానన్నారు. బెల్టు 300కు అమ్మితే గిట్టుబాటు అవుతుందా? మా అమ్మకు ఇది అస్సలు ఇష్టం లేదు. "ఆ తోలు పని తప్పాలనే కదా నిన్ను చదివించింది" అని ఏడుస్తోంది. బాపుకు చూపు కూడా తగ్గింది. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది మీ బాపు చేతి పని. మీరు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి మిషన్ దగ్గరికి వెళ్లిపోయారు. నేను మళ్లీ ఆయన దగ్గరికే తీసుకొస్తాను. దారాన్ని ఎక్కడ ఎంత బిగించాలో, ఏ తోలు ఎంత లాగితే సాగుతుందో, ఎక్కడ తెగుతుందో ఆయన వేళ్లకు తెలుసు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇది పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది. మీ ఇంట్లో అది ఉండనే ఉంది. ఆ 60,000 మిషన్‌ను ఇప్పుడు కొనకండి.

వడ్డీ లెక్క చూడండి. లెక్కలు మీకే బాగా తెలుసు. 3 రూపాయల వడ్డీ అంటే 60,000కు నెలకు 1,800, ఏడాదికి 21,600. ఒక్క బెల్టూ అమ్ముడుపోకముందే నెలనెలా ఆ డబ్బు కట్టాలి. పైగా ఆ మిషన్ ఎలాంటిదో మీరు రాయలేదు. బట్టలు కుట్టే మామూలు మిషన్ మందం తోలుకు పనికిరాదు. అందులో కింది పళ్లు మాత్రమే గుడ్డను లాగుతాయి. రెండు పొరల తోలు పెడితే పై పొర వెనకబడి కుట్టు వంకర పోతుంది, కింద పళ్ల గీతలు పడతాయి. తోలుకు పైపాదం కూడా కదిలి రెండు పొరలనూ కలిపి నడిపించే మిషన్ కావాలి. సూది కూడా వేరే, మొన కత్తిలా ఉండి తోలును కోస్తూ దిగాలి. ఇవి చూడకుండా పాతది కొంటే అది మూల కూర్చుంటుంది. చేతితో చేసి చేసి, ఆర్డర్లు అందుకోలేక టెన్షన్ పడే రోజు వస్తే అప్పుడు కొనండి. అప్పటికి ఏ మిషన్ కావాలో మీకే తెలుస్తుంది.

ఇక మీ పర్సు సంగతి. మీకు వచ్చింది పూర్తి తోలు కాదనిపిస్తోంది. తోలు పొడి, ముక్కలు జిగురుతో అతికి పైన రంగు పొర వేసిన షీటు అయ్యుండాలి, లేదా పైపొర తీసేసిన అడుగు తోలు మీద ప్లాస్టిక్ పూత వేసినది. రెండూ మడత దగ్గర అలాగే లేస్తాయి. ఇకముందు ముక్క చేతికి రాగానే కోసిన అంచును చూడండి. నిజమైన తోలులో పోగులు కింద వదులుగా, పైకి పోయేకొద్దీ దగ్గర దగ్గరగా అల్లుకుని ఉంటాయి. పైపొరకూ లోపలి భాగానికీ మధ్య విడి గీత ఉండదు. గీత గీసినట్టు పైన సన్నటి పొర వేరుగా కనిపిస్తే, వెనక గుడ్డ నేత కనిపిస్తే వదిలేయండి. వాసన చూసి తెలుసుకోవచ్చని కొందరంటారు, దాన్ని నమ్మకండి. వాసన కూడా కలిపి అమ్ముతున్నారు. మీ బాపును అడగండి, తోలు చెక్కే కత్తి రంపెతో ఒక మూల పలచగా చెక్కి చూసి ఆయనే చెబుతారు.

తోలును పదును చేసే, అంటే పచ్చి చర్మాన్ని కుళ్లకుండా వాడుకకు పనికొచ్చేలా మార్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి క్రోమ్ లవణాలతో. త్వరగా అవుతుంది, తోలు మెత్తగా ఉంటుంది, నీటికి కొంత ఓర్చుకుంటుంది. షాపుల్లో కనిపించే బ్యాగుల్లో ఎక్కువ భాగం అదే. రెండోది చెట్ల బెరడు, కాయలతో. మన దగ్గర పాత రోజుల్లో లందల్లో, అంటే తోలు నానబెట్టే తొట్లలో చేసింది ఇదే. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క నానిన నీళ్లలో వేసేవాళ్లు. పెద్ద తోలునైతే సంచిలా కుట్టి వేలాడదీసి అందులో ఆ నీళ్లు పోసేవాళ్లు, అవి పోగుల గుండా మెల్లగా దిగుతూ తోలును పండించేవి. బతుకమ్మలో మనం పేర్చే ఆ పసుపు పూల తంగేడే అది, ఇప్పుడు మన రాష్ట్ర పుష్పం. ఆ బెరడులో, కరక్కాయలో ఉండే వగరే తోలును కుళ్లకుండా కాపాడుతుంది. మీకు ఈ బెరడు తోలు కావాలి. ఎందుకంటే దాని అంచును తడిపి చెక్కతో రుద్దితే నునుపై మెరుస్తుంది. క్రోమ్ తోలు అంచు ఎంత రుద్దినా అలా రాదు, రంగు పూయాల్సిందే.

అయితే ఇంటి దగ్గర తోలు పదును చేద్దామని మాత్రం అనుకోకండి. ఆ మురుగు నీళ్లకు, వాసనకు, అనుమతులకు మీరు తట్టుకోలేరు. పదును చేసిన తోలే కొనండి. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. అయినా పదును చేసే పని మాత్రం ఎక్కువగా తమిళనాడులోని ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట, దిండిగల్ వైపే జరుగుతోంది. ఇది నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం. చెన్నైలో పెరియమేట్ తోలు వ్యాపారానికి పేరున్న ప్రాంతం. వరంగల్ నుంచి చెన్నైకి నేరుగా రైళ్లున్నాయి. ఒకసారి బాపును వెంటబెట్టుకుని వెళ్లి చేత్తో తాకి తెచ్చుకోండి. ఫోటో చూసి తెప్పించుకుంటే మొదటి పర్సుకు జరిగిందే మళ్లీ జరుగుతుంది.

కొనేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి. తోలు చదరపు అడుగుల్లో అమ్ముతారు, మందం మిల్లీమీటర్లలో చెబుతారు. బెల్టుకు మూడున్నర నుంచి 4 మిల్లీమీటర్ల బర్రె తోలు తీసుకోండి, అదీ వెన్ను భాగం. పొట్ట భాగం చవకగా ఇస్తారు కానీ అది సాగుతుంది. దాంతో చేసిన బెల్టు కొన్నాళ్లకే పొడుగై, వంకర తిరిగి, కొన్నవాళ్లు తిట్టుకుంటారు. పర్సుకు మేక తోలు, ఒక మిల్లీమీటరు దగ్గరిది చాలు. పలచగా ఉన్నా గట్టిది. గొర్రె తోలు చేతికి ఎంత మెత్తగా తగిలినా పర్సుకు, బెల్టుకు తీసుకోకండి. అది సులువుగా చిరుగుతుంది, పైపొర విడిపోతుంది.

ఇప్పుడు కుట్టు. మీ బాపు చెప్పులకు ఎలా కుడతారో పక్కన కూర్చుని ఒకసారి జాగ్రత్తగా చూడండి. కొక్కెం ఉన్న ఆరెను, అంటే రంధ్రం చేసే పిడి సూదిని పై నుంచి గుచ్చి, కింద చేత్తో దారాన్ని కొక్కేనికి తగిలించి పైకి లాగుతారు. ఆ ఉచ్చులోంచి రెండో దారం కొసను దూర్చి రెండు చేతులా బిగిస్తారు. చెప్పు అడుగుకు అది గట్టి కుట్టే. పర్సుకు, బెల్టుకు మాత్రం రెండు సూదుల కుట్టు నేర్చుకోమనండి. ఒకే దారం, రెండు కొసలకూ మొన లేని సూదులు. అంచు నుంచి 3, 4 మిల్లీమీటర్లు వదిలి కంపాస్‌తో గీత గీయాలి. ఆ గీత మీద సమాన దూరంలో గుర్తులు పెట్టి, ఆరెను అన్ని చోట్లా ఒకే వాలులో గుచ్చాలి. ఎడమ సూది దూర్చి దారాన్ని కాస్త ఇవతలికి లాగి పట్టుకుని, అదే రంధ్రంలో కుడి సూదిని దూర్చాలి. రెండో సూది మొదటి దారాన్ని గుచ్చకూడదు. గుచ్చితే ఇక ఆ దారం బిగియదు. తర్వాత రెండు చేతులా ఒకే బిగువుతో లాగాలి. ప్రతి రంధ్రం దగ్గరా ఇదే వరస, ఎక్కడా మార్చకూడదు. ఎక్కడ మారుస్తే అక్కడ కుట్టు వాలు తప్పి కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చివర మూడు కుట్లు వెనక్కి వేసి దారం కత్తిరించాలి.

దీని గొప్పతనం ఏమిటంటే, మిషన్ కుట్టులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకచోట తెగితే అక్కడి నుంచి వరసగా వదులైపోతాయి. రెండు సూదుల కుట్టులో రెండు పోగులూ ప్రతి రంధ్రం గుండా పూర్తిగా వెళ్తాయి. ఒకటి తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. మీరు గిరాకీకి చెప్పుకోవాల్సింది ఈ మాటే. ఒక ముక్క మీద బయట మిషన్ కుట్టు వేయించి, పక్కనే రెండు సూదుల కుట్టు వేసి, మధ్యలో ఒక్కో దారం కోసి లాగి చూపించండి. మాటల కంటే అది బాగా పనిచేస్తుంది. దారం కుట్టు పొడవుకు నాలుగింతలు తీసుకుంటే మధ్యలో చాలకపోవడం ఉండదు. తేనెమైనం పట్టించిన పాలిస్టర్ దారం సరిపోతుంది.

బాపు బిగువు తెలిసిన మనిషి కాబట్టి ఈ కుట్టు ఆయనకు త్వరగానే వస్తుంది. ఆయన పని ఇది. మీ పని కొలతలు, అట్ట నమూనాలు, అంచులు, లెక్కలు, అమ్మకం. ఇద్దరూ అన్నీ చేయాలని చూడకండి.

రిపేర్లు మాత్రం మానిపించకండి. కొత్త సామాను మొదలుపెట్టగానే పాత పని చిన్నదిగా కనిపించడం సహజం. కానీ రోజు ఖర్చు వెళ్లేది దాంతోనే. పైగా అంతకంటే మంచి బడి మీకు దొరకదు. ఎవరైనా ఇక బాగుపడదని వదిలేసిన తోలు బ్యాగు ఉంటే అడిగి తీసుకోండి. కుట్లన్నీ విప్పి ఒక్కో ముక్కనూ అట్ట మీద పెట్టి గీసుకోండి. ఏ ముక్క ముందు అతికారు, ఏ అంచును పలచగా చెక్కి మడిచారు, హ్యాండిల్ దగ్గర లోపల బలానికి ఏం పెట్టారు, అన్నీ కనిపిస్తాయి. ఎక్కడ తెగిందో కూడా చూడండి. బ్యాగులు దాదాపు ఎప్పుడూ హ్యాండిల్ అతుకు దగ్గరే తెగుతాయి. మీరు చేసేటప్పుడు అక్కడ ఒక పొర ఎక్కువ వేస్తారు.

హ్యాండిల్ మార్చడం, జిప్ రన్నర్ మార్చడం, షూ అడుగు అతికి కుట్టడం, ఉంగటం (బొటనవేలు దూర్చే పట్టీ) తెగిన చెప్పుకు కొత్తది వేయడం, ఇవి డబ్బు వచ్చే రిపేర్లు. పొట్టు లేచిన రెక్సిన్ బ్యాగుకు రంగు వేసి ఇవ్వమంటే ఒప్పుకోకండి. అది ఎలాగూ నిలవదు, తర్వాత మాట పడేది మీ బాపు. "ఇది తోలు కాదమ్మా, బాగుపడదు" అని చెప్పి పంపితే ఆ మనిషి రేపు మంచి తోలు సామాను పట్టుకుని మీ దగ్గరికే వస్తుంది. వానలో తడిసిన షూ, బ్యాగు తెస్తే లోపల పేపరు కుక్కి నీడలో ఆరనివ్వాలి. ఎండలో, పొయ్యి దగ్గర పెడితే తోలు ముడుచుకుని బిరుసెక్కిపోతుంది. డప్పును సెగ చూపించి బిగువు చేస్తారు కదా అని ఎవరైనా అంటే, ఆ మూత పదును చేయని పచ్చి తోలు అని చెప్పండి. దాని పద్ధతి వేరు, బెల్టు పద్ధతి వేరు. బెరడు తోలు ఆరాక ఆముదం చాలా పలచగా గుడ్డతో రాస్తే మెత్తబడుతుంది. మన ఊళ్లలో కిర్రు చెప్పులకు రాసింది అదే. ఎక్కువైతే జిడ్డు పట్టి దుమ్మంతా అంటుకుంటుంది.

బెల్టు 300కు అమ్మితే గిట్టదు. 44 అంగుళాల పొడవు, ఒకటిన్నర వెడల్పు అంటే 66 చదరపు అంగుళాలు, చదరపు అడుగులో సగం కంటే కొంచెం తక్కువ. వృథా కలిపి 0.6 అడుగు వేసుకోండి. తోలు అడుగు 180 అనుకుంటే 108 రూపాయలు. మంచి ఇత్తడి బకిల్, దారం, జిగురు కలిపి 72. సామాన్లకే 180 అయింది. ప్యాకింగ్‌కు, పాడైపోయే ముక్కలకు 40 తీయండి. 300లో మీకు మిగిలేది 80. బెల్టుకు రెండు గంటలు పడితే గంటకు 40 రూపాయలు. ఆ రెండు గంటలు బస్టాండు దగ్గర కూర్చుంటేనే మీ బాపుకు మేలు. గంటకు కనీసం 120 కూలి కట్టండి, 460 అవుతుంది. 550కి తగ్గించి అమ్మకండి. మీకు దొరికే రేట్లు వేరే ఉండొచ్చు, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే. బెల్టు చుట్టూ కుట్టు వేస్తే అందంగా ఉంటుంది కానీ 4 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున 550 పైన కుట్లు పడతాయి. మందం తోలుకు ఆ అవసరం లేదు. బకిల్ దగ్గర మడతకు, బెల్టు కొసను దూర్చే పట్టీకి కుడితే చాలు. చుట్టూ కుట్టినది కావాలన్నవాళ్లకు ధర వేరే చెప్పండి.

ఇక అప్పు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులున్నాయి, చెప్పులు కుట్టేవాళ్లు అందులో ఉన్నారు. ఆ వృత్తి చేస్తున్నది మీ బాపు కాబట్టి దరఖాస్తు ఆయన పేరు మీద పెట్టండి, కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. శిక్షణ రోజుల్లో రోజుకు 500 ఇస్తారు, పనిముట్లకు 15,000 వరకు, తర్వాత మొదటి విడతగా లక్ష వరకు 5 శాతం వడ్డీకి అప్పు, తాకట్టు లేకుండా. ఆ 5 శాతం ఏడాదికి. 60,000కు ఏడాదికి 3,000 లోపే. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు తీసుకుని సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్) కేంద్రానికి వెళ్లి, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అని ముందు కనుక్కోండి. వచ్చినా లక్ష మొత్తం ఎత్తకండి. ఆరెలు, మంచి సూదులు, కంపాస్, కోసే కత్తులు, ఒక పలక, మొదటి తోలు. వీటికి ఎంతవుతుందో అంతే.

మీ అమ్మ విషయం చివరికి ఉంచాను, చిన్నదని కాదు. ఆమె తప్పుగా మాట్లాడటం లేదు. నిజాం కాలంలో ఈ జిల్లాల్లో దొరల ఇళ్లకు చెప్పులు, మోటలకు తోలు బొక్కెనలు, ఎడ్లకు వార్లు వెట్టికి చేసి ఇచ్చారు. పైసా ఇవ్వకుండా చేయించుకుని, పైగా ఆ చేసినవాళ్లనే ఊరి చివర ఉంచారు. ఆ తోలు నీళ్లు పొలానికి కావాలి, ఆ మనిషి మాత్రం గడప దాటకూడదు. మీ అమ్మ ఆ కథలు వింటూ పెరిగి ఉంటుంది, కొన్ని తానే పడి ఉంటుంది. "ఇప్పుడు కాలం మారింది" అని ఆమెతో అనకండి. పూర్తిగా మారలేదని ఆమెకు మీకంటే బాగా తెలుసు. మీ ఉద్యోగం మానకండి, కనీసం ఏడాది వరకు. ఆదివారాలు, సాయంత్రాలు చాలు. ఆమె భయంలో సగం మీ జీతం పోతుందన్నదే అయ్యుండొచ్చు. ధర మీరు చెప్పండి, బేరంలో తగ్గకండి, ఉద్దెర ఇవ్వకండి. అమ్మిన ప్రతి బెల్టు డబ్బూ ఆమె చేతికే ఇచ్చి లెక్క రాయించండి. అయినా ఆమె వద్దంటే వద్దననివ్వండి. ఆమెను ఒప్పించే బాధ్యత ఆ బెల్టులది కాదు, తాను పడ్డ కష్టాన్ని తలచుకుని వద్దనే హక్కు ఆమెకుంది. మీరు మాత్రం ఈ పని చేస్తున్నందుకు ఎవరి ముందూ గొంతు తగ్గించకండి. పేరు బోర్డు పెట్టేటప్పుడు మీ బాపు పేరే పెట్టండి.

ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. బాపును కంటి పరీక్షకు తీసుకెళ్లండి, హన్మకొండలో గానీ వరంగల్‌లో గానీ. ఆ వయసులో దగ్గరి చూపు తగ్గడం మామూలే, చాలామందికి అద్దాలతో సరిపోతుంది. శుక్లం ఉందేమో కూడా చూస్తారు. రెండు సూదుల కుట్టుకు చెప్పుల కుట్టు కంటే చూపు ఎక్కువ కావాలి, చూపు ఆనక ఆరె వేలికి దిగితే పని నెల వెనక్కి పోతుంది. డాక్టరుకు ఆయన పని దూరం చెప్పండి. చదువుకునే దూరానికి ఇచ్చే అద్దాలు, ఒళ్లో పెట్టుకుని కుట్టే దూరానికి కావాల్సినవి ఒకటి కాకపోవచ్చు. ఇంట్లో కుట్టేచోట ఎడమ వైపు నుంచి పడేలా ఒక ఎల్‌ఈడీ దీపం పెట్టండి. తోలు అతికే జిగురు సొల్యూషన్ పూసేటప్పుడు తలుపులు తెరిచి ఉంచండి. అది రెండు ముక్కలకూ పలచగా రాసి, చేతికి అంటుకోనంతగా ఆరాక గూటంతో కొట్టి అతకాలి. ఆ ఆరే పది నిమిషాలు గదిలో ఎవరూ ఉండకుండా బయట కూర్చోండి.